పన్నెండూ పన్నెండు

బడి ఎందుకు మాన్పించావని అడిగినవాళ్లకు
ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్పాను.
ఆడపడుచుకు ఫీజులని,
కింద వాటా జుబేదాబీకి పిల్ల ఒంట్లో బాగుండదని,
పాల ప్యాకెట్లు వేసే అబ్బాయికి ఊరికేనని.

అసలు సంగతి మౌక్తిక చేతులు.
వేళ్ల మీద లెక్కపెట్టినందుకు
ఆ పూటంతా వెనక్కి కట్టుకుని నిలబడమన్నారట.
ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా
ఎడమచెయ్యి వీపు వెనకే ఉంచుకుంది.

ఇక టీచరును నేనే,
పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినదాన్ని.
పన్నెండో ఎక్కం ఇప్పటికీ నాకు
తొమ్మిది దగ్గర జారుడుమెట్టు.

మొదటివారం మౌలాలిలోని మా రెండు గదుల్నీ బడి చేశాను.
స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టాను.
చిన్నాడు అన్వేష్‌ను షూ వేసుకుని
వంటింట్లోంచి ముందుగదికి రమ్మన్నాను.
మూడోరోజుకు పళ్లెం సొట్టపోయింది.
నాకే నవ్వొచ్చి మానేశాను.

భిన్నాలు జాకెట్టు ముక్కల్లోంచి వచ్చాయి.
మీటరు గుడ్డలో ముప్పావు పోతే
మిగిలిన పావులో చేతులు వస్తాయా?
టేపు మెడలో వేసుకున్న మౌక్తిక
"రావు" అంది నాకంటే ముందే.
గుడ్డ తెచ్చినావిడ ఎదుటే అంది,
అది వేరే సంగతి.

పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి
ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంటు ఇసుకలో ఈడ్చారు.
దానికి నల్లగా మీసాలు మొలిచాయి.
"ఇసుకలోకి ఇనుమెట్లొచ్చింది?"
నాకు తెలియదన్నాను.
తెలియదని చెప్పడం నేర్చుకోడానికే
నాకు నెల పట్టింది.

ఒక ఆదివారం కాచిగూడ స్టేషను బోర్డు కింద
అన్వేష్ 'డ' దగ్గర ఆగిపోతే
టీ తాగుతున్న కూలీ తాత
పక్కనున్న ఉర్దూని కుడి నుంచి ఎడమకు
వేలితో చదివి చూపించాడు.
"అటునుంచి చదివినా అదే ఊరా?"
"అదే ఊరు బేటా. బండి రెండు దిక్కులా పోతది గద!"

రాత్రిళ్లు మాత్రం భయం.
సీఎన్‌జీ క్యూలోంచి ఆటో ఆయన ఫోన్ చేసి
"ఏం నేర్పినవ్ ఇయ్యాల?" అంటాడు.
మీసాలంటానా, బండి అంటానా?
తప్పు కోస్తే గుడ్డ పోతుంది,
ఇంకో మీటరు కొనుక్కోవచ్చు.
పిల్లల ఏడాదిని ఏ కొట్లో కొలిచి ఇస్తారు?
కత్తెర చేతిలో పట్టుకుని
ఏమీ కత్తిరించకుండా కూర్చునేదాన్ని.

మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లు
సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడని
జుబేదాబీ మనవరాలు చెప్పింది.
పోయిన ఆగస్టులో మబ్బు.
మే నెల కోసం ఆగాం.

డాబా మీద కాలు పెట్టలేనంత కాక.
పైపు ముక్క నిలబెట్టి,
దారానికి తాళంచెవి వేలాడదీసి
నిటారుగా ఉందో లేదో చూసింది మౌక్తిక.
నీడ బెత్తెడైంది, బొటనవేలైంది,
పైపు తన నీడను తానే తొక్కుకుంది.
అన్వేష్ ఒంటికాలు ఎత్తి
అరికాలి కింద వెతుక్కున్నాడు.

"టైమెంత?"
"పన్నెండూ పన్నెండు."
"పన్నెండు పన్నెండ్లు ఎంతమ్మా?"

జారే చోటునుంచే మొదలుపెట్టాను.
తొమ్మిది పన్నెండ్లు నూట ఎనిమిది.
దాని మీద ఇంకో పన్నెండు,
రెండు చేతులూ ముందుకు చాపి
ఒక్కో వేలూ మడుస్తూ పోయాను.
పది అయిపోయాయి. ఇంకో రెండు కావాలి.

"నావి తీసుకో" అంది మౌక్తిక.
రెండు చేతులూ ఇచ్చింది.

నూట నలభై నాలుగుకు చేరేసరికి
పైపు మొదట్లో, తూర్పు పక్కన
సన్నగా నలుపు మొదలైంది.
కింద కుక్కరు ఎన్ని కూతలు వేసిందో
ఎవరూ లెక్కపెట్టలేదు.